వచ్చిన్రు

ధర్మాబాద్ మోంఢాల మిర్చి దిగే నెలల్ల
ఊరంతా తుమ్ముతది.
నేను బస్తాల మీద నంబర్లేస్తా:
అడ్తి పేరు, లాటు, తూకం,
నల్ల ఎనామిల్, రేకు అచ్చు.
పొద్దూకినంక అదే గోనె చింపి, చట్రానికి మేకులు కొట్టి,
అవిసె నూనె పూసి
బొమ్మలేస్తా.

మా అవ్వ పెట్టెల ఒక ఫోటో ఉండె.
కాళ్లు ఎనిమిది, తలలు మూడు.
నాలుగో మనిషిని మోకాళ్ల పైనుంచి
ఎవరో కత్తెరతోటి తీసేసిన్రు,
ఓపికగా, చెవి వంపు కూడా తప్పకుండ.
చెయ్యి ఒక్కటి మిగిలింది
మా అవ్వ భుజం మీద,
నాలుగు గాజుల చెయ్యి.

పోయే ముందు నెలల అవ్వ చెప్పింది.
లస్మ. నాకంటె పెద్ద.
పుట్టినప్పుడు లస్మయ్య.
పదహారేండ్లకు ఎల్లమ్మ ముంగట పసుపు పూసుకొని లస్మవ్వ.
జాతరల ఆడుతుంటే
నిజాం జవాన్లు చీరతోటే పట్టుకపోయిన్రు.
వారంటు అక్కరలేని కానూను.
ఠాణాల పెద్ద బుక్కు, దాంట్ల నాలుగు గడులు:
పేరు. తండ్రి. ఊరు. అనుమానం.
మొదటిసారి జుట్టు గొరిగి ధోతి కట్టి పంపిన్రు.
రెండోసారి పంపలే.

మరి ఫోటో కోసిందెవరే, అంటే
అవ్వ తన బొటనవేలు చూసుకున్నది
చానాసేపు.

నాకు గీతలు నేర్పింది స్కూల్ల బాన్సోడే సార్.
ఒకనాడు అట్ట లేని పుస్తకం తెచ్చి చూపిండు.
ఒక్క మొఖంలనే పక్క చూపు, ఎదురు చూపు,
రెండు కండ్లూ ఒకే దిక్కు,
ముక్కు తనకు ఇష్టమున్న చోట.
పిల్లలం పడి పడి నవ్వినం.
సార్ నవ్వలే.
"మనిషి చుట్టు తిరిగి చూస్తే ఇట్లనే ఉంటది.
ఒక్క మొఖం కనబడేది
కదలకుండ నిలబడ్డోళ్లకే."

పోయిన ఎండకాలం లస్మను వేయబోయిన.
సగం మీసం నీడ, సగం కుంకుమ.
తెల్లారి చూసి గీకేసిన.
అది జాతరల తమాషా బోర్డు.
సగం సగం ఎవరూ ఉండరు.

ఆఖరికి ఆ బొక్కనే వేసిన,
కత్తెర చేసిన బొక్క.
అంచు పొడుగునా కారంపొడి కలిపిన ఎరుపు,
దాని పక్కన తాలు రంగు,
మిర్చిల నుంచి ఏరి అవతల పోస్తరు చూడు, ఆ పాలిపోయిన పసుపు.
లోపల రంగు ముట్టలే. గోనె పోగులు కనబడనిచ్చిన.
ఏదో పాత లాటు నంబరు ఉండె, చెరపలే.
చెయ్యి మాత్రం ఐదుసార్లు వేసిన,
ఐదు దిక్కులకు,
అన్నిటికీ గాజులు.

మారోతి కాంటా ఆపి వచ్చి చూసిండు.
ఏం అనలే.
మెడల తువ్వాల తీసి
నా మోచేతి మీది రంగు తుడిచిండు.
ఆ సంగతి ఇక్కడ రాయను.

నాందేడ్ల ప్రదర్శనకు పెట్టిన.
ఒక పెద్దమనిషి కండ్లద్దాలు నెత్తికెత్తి అడిగిండు:
"హా? కీ హీ?"
వీడా, ఇదా.
మరాఠీల జవాబు దొరకలే.
మా భాషల వెతుకులాడిన.
వచ్చిండు అంటే మగ.
వచ్చింది అంటే ఆడ, మేక, వాన, రైలు.
ఇంత మర్యాద పెట్టి చూడు,
వచ్చిన్రు.
ఆడా మగా మాట కొసకెళ్లి రాలిపోతది.
గంత చిన్న మాట మార్చుడు
ఠాణాకు చాతకాలే.
మా ఇంటికీ చాతకాలే.

ఆయనకు ఇవేం చెప్పలే.
చీటీ మీద పేరు రాయమంటే
లస్మ అని రాసి
అవతల జాగ వదిలిన.

బొమ్మ అమ్ముడుపోలే.
రాత్రి ప్యాసింజర్ల తెచ్చుకుంటుంటే
డబ్బాల జనం తుమ్మిన్రు,
ఎరుపుల ఘాటు ఇంకా చావలే.
తలుపు తీసి, అవ్వ పెట్టె మీద ఆనించిన.
గాజులు కొంచెం గోడకు తగిలినయి.
లోపల గిన్నెలు తోముతున్న మా అక్క
తల తిప్పకుండనే అడిగింది,
ఎవరొచ్చిన్రురా?