ఎడమకాలి బూటు

మోషీ బస్టాండు వెనక, కుట్టుమిషన్ల వరస దాటాక
నీలం తలుపుల కొట్టు నాది.
బోర్డు మీద కొండ బొమ్మ వేయమంటే
తెల్లరంగు చాలక పెయింటరు
సగం మంచు, సగం మబ్బు పెట్టి సరిపెట్టాడు.

పద్దుపుస్తకంలో గళ్ళు నాలుగే:
పేరు, సైజు, రోజులు, ధరావతు.
దూరదేశపు వాళ్ళు పాస్‌పోర్టు పెడతామంటారు.
వద్దు, డాలర్లే పెట్టండంటాను.
పాస్‌పోర్టు ఎలకలు కొరికితే ఆ ఏడుపంతా నాకు.

స్లీపింగ్ బ్యాగు అడిగినవాళ్ళంతా ఒకటే పని చేస్తారు,
మూతి తెరిచి ముక్కు దూర్చి వాసన చూస్తారు.
చూడనీ.
సబ్బు నాది, ఎండ దేవుడిది,
లోపలి ఈకలు ఏ దేశపు బాతువో నాకూ తెలీదు.

తిరిగొచ్చిన జాకెట్ల జేబులు నేనే వెతుకుతాను:
కొరికిన చాక్లెట్టు, తలనొప్పి మాత్ర,
జత తప్పిన చేతితొడుగు.
ఒకసారి, పసుపు మూత సీసాలో బూడిద.
ఎవరిదో. పైన చల్లాలని తెచ్చి
చల్లలేకపోయారో, ఊపిరందక మరిచారో.
మూడు నెలలు సొరుగులో దాచాను. ఎవరూ రాలేదు.
మా అరటితోటలో, అత్తను పూడ్చిన చోటుకి నాలుగడుగుల్లో
"ఈవిడకి కాస్త తోడుండు" అని ఒంపి
సీసా కడిగి కిరసనాయిలు పోసుకున్నాను.

నవంబరు వానల్లో, దీపం తగ్గించే వేళ
కానాయేలి వచ్చాడు.
ఇరవై దాటని మనిషి, కాళ్ళకి టైరు చెప్పులు.
"తెల్లారితే గేటు దగ్గర బూట్లు చూస్తారట, అమ్మా.
లేకపోతే మోత ఇవ్వరట."
అతని సైజుకి మిగిలింది ఒక్కటే జత.
ఎడమదాని అడుగు జిగురుతో అతికించి ఉంది.
"దీన్ని నమ్మకు" అన్నాను.
"తడిరాయి వస్తే ముందు కుడికాలు పెట్టు."
ధరావతు లేదు.
చెప్పులు విప్పి బల్ల మీద పెట్టాడు.
రాశాను: టైరు చెప్పులు, ఒక జత, అరిగినవి.

ఆరు రోజులు ఒకటే ముసురు.
ఒప్పుకుంటున్నాను, పెరట్లోకి పోవాల్సి వస్తే
ఆ చెప్పులే వేసుకున్నాను.
నా పాదం వాటిలో పడవెక్కిన కోడిపిల్ల.
టపటపా నడుస్తూ మబ్బుల వైపు చూశాను.
నా జాకెట్లకి ఆ కొండంటే సంతకెళ్ళొచ్చినంత మామూలు.
నేను గేటు దాకా వెళ్ళాను,
ఒక్కసారి, బాకీ వసూలుకి.

ఏడోనాడు వచ్చాడు.
పెదాలు పగిలి, ముక్కు మీద తోలు లేచి.
ఎడమ బూటు తిరగేసి నా ముందు పెట్టాడు.
గోనెసూదితో, డేరా తాడు విప్పిన పోగులతో
అడుగు చుట్టూ కుట్టు.
పక్కకొట్టు మిషను కూడా అంత దగ్గరగా వేయదు.
"బరాఫు దగ్గర నోరు తెరిచింది.
అందరూ పడుకున్నాక కూర్చున్నా.
వేళ్ళు కొయ్యబారితే నోట్లో పెట్టుకుని
మళ్ళీ కుట్టా.
కూలి తగ్గించుకో."
ఎంత?
"అద్దెలో సగం."
మూడోవంతు, అన్నాను.
సగమే, అన్నాడు.
సగానికీ మూడోవంతుకీ మధ్య
ఇద్దరం రెండేసి కప్పులు టీ తాగాం.

వెళ్తూ వెళ్తూ చెప్పులు తిరగేశాడు.
అడుగున నా పెరటి ఎర్రమట్టి, ఇంకా తడి ఆరనిది.
గోటితో గీకి, చూసి, తొడుక్కున్నాడు.
ఏమీ అనలేదు.
పిలిచి, సగమే పట్టుకున్నాను.

మర్నాడు పొడుగాటి మనిషొకడు
అదే జత అడిగాడు.
ఎడమదాన్ని వెలుతురుకి పట్టి, కుట్టు మీద వేలు రాసి
అనుమానంగా నా మొహం చూశాడు.
"దానికేం భయం లేదు" అన్నాను.
"కుడిదాన్ని కాస్త చూసుకోండి."