గడ్డిమంచు

తెలుగు నేర్చుకోవడానికొచ్చిన హేజెల్
వాక్యాన్ని మూడుసార్లు దిద్దుకుని చెప్పింది:
"మే ఒకటిన మా ఊళ్ళో
ఆడపిల్లలు పొద్దున్నే మంచుతో మొహం కడుక్కుంటారు."

మంచంటే వంటామె సైదమ్మకు ఒక్కటే తెలుసు.
సోడాబండి దగ్గర
రంపపుపొట్టు అంటిన దిమ్మ గోనెలో పట్టుకొచ్చింది,
చిక్కడపల్లి మెట్లన్నీ తడుపుకుంటూ.

"మంచుగడ్డ కాదు... గడ్డిమంచు!"
గడ్డా? మేలోనా?
పిట్టగోడ మీద చెయ్యి ఆనడం లేదు.

కింద ఆటోస్టాండులో ఎర్రజెండా ఎగరేస్తున్నారు.
హేజెల్ కర్రనే చూస్తోంది:
"రిబ్బన్లేవి? చుట్టూ ఎప్పుడు ఆడతారు?"

ఏం చెప్పాలో తోచక
దిమ్మ కింద దోసిలి పట్టాను.
ముగ్గురం మొహాలు తడుపుకున్నాం.

కొంగుతో తుడుచుకుంటూ సైదమ్మ:
"దీనికి సెలవెందుకు బిడ్డా?
రోజూ కడుక్కోరాదు!"