ఇరవైమూడో ముక్క

మా బళ్లో ప్రొజెక్టరు లేదు.
నా ఫోనుంది, మూల చిట్లిన అద్దం,
రోజుకి ఒకటిన్నర జీబీ,
సముద్రం వైపు కిటికీలో పెడితే రెండు గీతల సిగ్నలు.

అందులో ఒక రంగుల చక్రం.
ఎవరు కట్టారో తెలీదు,
రూపాయి అడగదు, పాస్‌వర్డడగదు.
పిల్లల పేర్లు రాసి వేలితో తడితే
గిర్రున తిరిగి ఒక పేరు దగ్గర ఆగుతుంది.
ఆ పేరుగలవాళ్లు లేచి ఎక్కం చెప్పాలి.
"సారు లెగమంటే బయ్యం గానండి,
సక్రం లెగమంటే బయ్యమేటి?"
అంటుంది సూరాడ పైడమ్మ.
పదమూడో ఎక్కం ఆ గుంటకి అలాగే వచ్చింది.

సోమవారం చక్రం
గనగళ్ల కొర్లయ్య దగ్గర ఆగింది.

ఎవరూ లేవలేదు.
వాళ్లు వెరావల్ రైలెక్కి ఇరవై రోజులు.
నాన్న బోటెక్కుతాడు, అమ్మ రొయ్యలు ఒలుస్తుంది,
వీడు చెల్లిని ఎత్తుకుంటాడు.
అడుగున చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని
మర్యాదగానే అడిగింది:
ఈ పేరు తీసేయమంటారా?

జవాబివ్వకుండా ఇంకో పేజీకి పోయాను.
గాలుల పటం.
నీళ్ల మీద గాలి
దువ్విన వెంట్రుకల్లా కదుల్తూ కనిపిస్తుంది.
కళింగపట్నం లైట్‌హౌసు దగ్గర మొదలెట్టి
పడమటి ఒడ్డుదాకా వేళ్లు జరిపారు,
ఒకళ్ల చెయ్యి మీద ఒకళ్లు పడి.
పద్నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు.
మా ఎక్కాల పుస్తకంలో అంత దూరం లేదు.
అక్కడ గీతలు పలచగా, నింపాదిగా ఉన్నాయి.
"గాలి నేదు సారూ, ఏటకెల్లుంటారు,"
అన్నాడు మైలపల్లి దానయ్య,
మబ్బు చూసి చెప్పే వాళ్ల తాత గొంతుతో.

సాయంత్రం కొర్లయ్య మామ్మ వచ్చింది.
కొడుకు ఎవరి ఫోనుకో పంపిన చీటీ,
ప్రింటు తీయించి, నాలుగు మడతలు పెట్టి.
"ఇదేటి రాసినారో సూడు బాబూ."
గుజరాతీ. తలమీద గీత చెరిపేసిన హిందీలా ఉంది నాకు.
కెమెరా పట్టాను.
అక్షరాలు కాసేపు వణికి తెలుగయ్యాయి, సగం తప్పు.
వలని దోమతెర అంది.
అంకెలు మాత్రం తప్పలేదు:
అడ్వాన్సు ముప్పైవేలు, కోత ఆరువేలు,
మిగతాది సీజనయ్యాక.
పైకి చదివే గొంతు కూడా ఉంది దానికి,
మరీ పట్నం గొంతు. మామ్మ చెవికెక్కలేదు.
నేనే చదివాను, మా మాటల్లోకి దింపి,
ఆరువేల దగ్గర కొంచెం ఆగి.

"ఎంతివ్వాల బాబూ దీనికి?"
ఊరికే మామ్మా.
"ఊరికే ఎవుడిత్తాడు?"
నా మొహంలోకి అనుమానంగా చూసి
కొంగులోంచి కాగితప్పొట్లం తీసి
హాజరు రిజిస్టరు మీద పెట్టి వెళ్లిపోయింది.
ఎండు నెత్తళ్లు.

ఏ దేశంలో ఎవరో
నిద్ర మానుకుని చేసి ఉంటారు ఇవన్నీ.
వాళ్ల పేజీల అడుగుదాకా వెతికాను,
ఈ పొట్లం ఎక్కడికి పంపాలో రాసి లేదు.

మంగళవారం రిజిస్టరు తెరిస్తే
ప్రతి పేరూ చేపల వాసన.
చక్రంలో ఇరవైమూడు ముక్కలు, గదిలో ఇరవైరెండుమంది.
కొర్లయ్య దగ్గర ఆగితే ఎవరు లేవాలన్న దాని మీద
పైడమ్మకీ దానయ్యకీ
తగువింకా తెగలేదు.