ముందు వరుస బూట్లు

పద్దెనిమిదేళ్లు ఒకే ప్రశ్నపత్రం.
యాభై ప్రశ్నలు, నాలుగేసి జవాబులు,
సరైనదాని పక్కన పెన్సిలుతో నల్లచుక్క.
గ్రీకుల ముసుగు దేనితో చేసేవారు?
రంగస్థలం మీద ఎడమంటే ఎవరి ఎడమ?
థండర్ బేలో డిసెంబరంటే ఐదింటికే చీకటి.
యంత్రం గరగరా కాగితాలు మింగి
అంకెలు కక్కేది.
నేను కాఫీ తాగి ఇంటికెళ్లేదాన్ని.

పోయినేడు
నలభై తొమ్మిది తెచ్చుకున్న కుర్రాడు,
ఆర్వో లెహ్తినెన్,
వసంతంలో నాటకం ఆడుతూ
ఎదుటివాడు మాట మరిచిపోతే
గుడ్లప్పగించి నిలబడ్డాడు.
ముసుగు దేనితో చేస్తారో వాడికి తెలుసు.
ముఖంతో ఏం చేయాలో నేను చెప్పలేదు.

తప్పు వాడిదని రాసుకున్నాను మొదట.
తర్వాత కొట్టేశాను.
కొట్టివేత కింద ఆ మాట ఇంకా చదవొచ్చు.

ఈసారి మొదటి రోజే బకెట్టు తెచ్చాను.
మంచు తోడే పారల పక్కన దొరికింది,
నీలం ప్లాస్టిక్, పిడి విరిగితే ఎవరో తీగ కట్టారు.
"ఇందులో నీళ్లున్నాయి" అన్నాను.
ఇరవై ఇద్దరూ లోపలికి తొంగి చూశారు, పాపం.
ఇదే పరీక్ష.
ఆ తలుపు నుంచి ఈ కుర్చీ దాకా మోయాలి,
ఇప్పుడోసారి, నవంబరులో ఓసారి.
మొదటిదానికి మార్కుల్లేవు.
రెంటికీ మధ్య ఏం మారిందో ఒక పేజీ రాయాలి,
సగం మార్కులు దానికే.

డీన్ గారు ఫారం పంపారు.
'కొలవదగిన ఫలితం' అని ఒక గడి,
అంగుళం వెడల్పు.
బిగబట్టిన ఊపిరి ఎన్ని గ్రాములు?
"మీ మాట కాదనను" అన్నారాయన ఫోనులో,
"కానీ రేపు ఎవరైనా అప్పీలు చేస్తే?"
న్యాయమైన ప్రశ్నే.
రాత్రి దానితోనే పడుకున్నాను.
పొద్దున లేచేసరికి అదీ పక్కనే ఉంది.

సెప్టెంబరులో అందరివీ నిండు బకెట్లే.
పళ్లు బిగించి, మెడనరాలు ఉబ్బించి
కొండల్ని మోసినట్టు మోశారు.
నిండు కుండ తొణకదంటారు కదా,
మా బకెట్లూ తొణకలేదు.
ఒక్కరం నమ్మలేదు.

మొయిరా స్టెఫానిషిన్ నర్సింగ్ చదువుతోంది.
మంగళవారం మధ్యాహ్నం ఖాళీ ఉందని
ఈ క్లాసులో చేరింది, ఆ మాట దాచలేదు కూడా.
వెనక వరుస, తలుపు పక్కన, కోటు విప్పదు.
రాత్రులు ఆసుపత్రిలో నేల తుడిచే పని.
పాత పరీక్షే ఉంటే
నా చేతిలో తప్పిపోయేది.

నవంబరు.
తలుపు భుజంతో నెట్టింది.
బకెట్టు ముప్పాతికే నింపుకుంది.
మోకాలికి తగలకుండా కాస్త ఎడంగా పట్టి,
రెండో చేయి గాల్లోకి, ఎదురు బరువుగా.
సగం దూరంలో ఆగింది.
నీళ్లు ఆగలేదు.
అవి కుదురుకునేదాకా చూసి
మళ్లీ కదిలింది.

ముందు వరుసలో ఆరు జతల బూట్లు
ఒక్కసారిగా కుర్చీల కిందికి జరిగాయి,
తడుస్తాయని.

డీన్ గారి గడిలో అదే రాశాను, ఇరికించి:
బూట్లు, ఆరు జతలు.
సుమారు నాలుగంగుళాలు వెనక్కి.
సంతకం, తేదీ.

మొయిరాకి బి ప్లస్ ఇచ్చాను.
ఎ ఎందుకు కాదని మెట్ల దగ్గర నిలదీసింది.
"దించేటప్పుడు ఖాళీ బకెట్టులా దించేశావు.
మోసినంతసేపూ ఉన్న నీళ్లు
నేల తాకేసరికి ఏమైపోయాయి?"
కాసేపు నన్నే చూసింది.
సంచీ తీసి పక్కన పడేసి,
వట్టి చేయి ముడిచి, మోకాళ్లు వంచి
దించింది.
చివరి అంగుళం దగ్గర
వేళ్లు వదలడానికి జంకాయి.
"ఇలాగా?"

నా కాళ్లు ఎప్పుడు ఒక మెట్టు పైకెక్కాయో
నాకు తెలియదు.
మార్కులు మాత్రం
పొద్దునే పంపేశాను.