ఎడమ తలుపు

పొద్దుగూకగానే మా నాన్న
అట్లకాడతో మూకుడు మీద మూడు దెబ్బలు వేసేవాడు.
సమోవాలో, ఆయన పుట్టిన ఊళ్లో,
ప్రార్థనకి శంఖం ఊదేవారట.
పోరిరువాలో, మా సర్కారు ఇళ్ల వీధిలో
శంఖం ఎక్కడ దొరుకుతుంది?
పక్కింటి కుక్క కూడా మూకుడు చప్పుడుకి వచ్చి
మా గుమ్మంలో బుద్ధిగా కూర్చునేది.

చాప మీద వరసగా ఏడుగురం.
తలా ఒక వాక్యం ఒప్పజెప్పాలి.
అసలు పోటీ అక్కడే.
గ్రంథమంతటికీ పొట్టిది ఒకటుంది, మూడే మాటలు,
దేవుడు ఏడ్చిన సంగతి.
దానికోసం నేనూ పెసమీనో మోచేతులతో పొడుచుకునేవాళ్లం.
వాడే గెలిచేవాడు. ఒక్క ఊపిరిలో అనేసి
మిగతా ప్రార్థనంతా ఆవులించేవాడు.
"ఇరవై రోజుల్నించీ ఏడిపిస్తున్నావురా ఆయన్ని,
ఇవాళైనా ఊరుకోనివ్వు,"
అనేవాడు నాన్న, కళ్లు తెరవకుండానే.
బామ్మ భుజాలు కదిలేవి.
భక్తో, నవ్వో, కునుకో,
చివరిదాకా మాకెవరికీ అంతుపట్టలేదు.

శుక్రవారాలు తఫా వాళ్ల గరాజ్‌లో యూత్.
కారు బయట వానలో, మేం లోపల,
రేకుల సందుల్లోంచి దక్షిణపు గాలి
ఎవరూ పిలవకుండానే వచ్చి శ్రుతి కలిపేది.
గిటారుకి ఐదే తీగలు.
ఆరోది పలకాల్సిన చోట లోతోమౌ
ముక్కుతో "మ్మ్" అనేవాడు, ఎంతో గంభీరంగా.
ఇదంతా చెబితే నా కూతురు
"ఒక తీగ కొనుక్కోవచ్చుగా?" అంటుంది.
ఏమో. ఎవరికీ తోచలేదు.

పాత భాష మాకు సగమే వచ్చు.
పండుకీ గుడ్డుకీ అందులో ఒకటే మాట.
ఆత్మ ఫలాల గురించిన పాటని
పెసమీనో పదకొండేళ్లు వచ్చేదాకా
ఆత్మ పెట్టే గుడ్ల గురించి అనుకుని పాడాడు.
ఎంత నమ్మకంగా పాడాడంటే
సారోనా అత్త కన్నీళ్లు తుడుచుకుంది.
ఆ తర్వాత మా ఇంట్లో ఆమ్లెట్ వేసినప్పుడల్లా
ఎవరో ఒకరు "ఆమెన్" అనేవారు.

నాన్న కార్ల ఫ్యాక్టరీలో ఎడమ తలుపులు బిగించేవాడు.
పదిహేడేళ్లు. ఎడమవే.
"కుడి తలుపు గురించి నన్నడక్కండి,
వాళ్లది వేరే సంఘం."
ఫ్యాక్టరీ మూసేసిన రోజు
అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు.
మూకుడు మోగలేదు.
కుక్క వచ్చి, చూసి, వెళ్లిపోయింది.

ఎవరు కబురు పెట్టారో,
చీకటి పడ్డాక గుమ్మం ముందు చెప్పుల గుట్ట.
యూత్ అంతా వచ్చేశారు, తడిసిన జుట్లతో.
వచ్చారు గానీ ఇలాంటి రోజుకి ఏ పాట పాడాలో
ఒక్కరికీ తెలియదు.
సాధన లేకుండా అందరికీ వచ్చిందొకటే,
జూన్ చలిలో క్రిస్మస్ పాట.
అదే అందుకున్నారు.
లోతోమౌ "మ్మ్" అన్నాడు, వేళకి.
నాన్న నాలుగు చరణాలూ విని
"మరి కేకేదీ?" అన్నాడు.
ఆ రాత్రి అమ్మ ఉన్న పిండంతా కలిపేసింది.

సమాధి దగ్గర ఆయన కోసం తలా ఒక వాక్యం చెప్పాం.
పెసమీనోకి ఇప్పుడు నెరిసిన గడ్డం, మోకాళ్ల నొప్పి.
నేను వాడికి పోటీ వెళ్లలేదు.
మొదటి మాట అన్నాడు. రెండోదీ అన్నాడు.
మూడోదాని కోసం అందరం చాలాసేపు నిలబడ్డాం.

తిరిగొచ్చి సంఘం హాలు ముందు ఆగితే
అద్దె వ్యాన్ తలుపు రాలేదు.
లాగారు, గుద్దారు, డ్రైవరు బయటినుంచి తన్నాడు.
"ఏ పక్కది?" అంది అమ్మ వెనక సీట్లోంచి.
ఎవరూ జవాబు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.
ముందు అమ్మ భుజాలు కదిలాయి.
తర్వాత వ్యానంతా ఊగింది.
బయట వానలో ఆ కుర్రాడు
నల్లబట్టల్లో ఇంతమంది లోపల ఏమైపోతున్నారోనని
అద్దానికి రెండు చేతులూ ఆనించి
తొంగి చూస్తున్నాడు.