ముప్పై ఎనిమిది

అమలాపురం ఆసుపత్రి వరండాలో, సదరం క్యాంపు రోజున
మా ఆయన చేతిని ఒక ప్లాస్టిక్ కొలబద్ద కొలిచింది.
మణికట్టు ఇంతవరకు వంగుతుంది, ఆ తరవాత వంగదు.
బొటనవేలు లేదు. చూపుడువేలు సగం.
డాక్టరుగారు మంచివారే, ఫ్యాను కింద కూర్చోమన్నారు.
కాగితం మీద మాత్రం ముప్పై ఎనిమిది అని రాశారు.

నలభై ఉండాలండి, అన్నాడు కంప్యూటరు కుర్రాడు,
లేకపోతే ఈ గడి తెరుచుకోదు.
రెండు.
రెండంటే నాకు కోడిగుడ్లు తెలుసు, చీపురు కట్టలు తెలుసు.
మనిషిలో రెండు శాతం ఎక్కడుంటుందో తెలీదు.
"ఆ రెండూ వశిష్ఠలో ఉన్నాయి బాబూ" అన్నాను.
వరసలో వెనకాల ఎవరో నవ్వారు.

ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేసిన రాత్రి అది.
కొత్తపేట ఫైర్‌స్టేషన్ హోంగార్డు గెద్దాడ ఏసుపాదం
ఆ రోజు సెలవులో ఉన్నాడు.
చిన్నదానికి జ్వరం. నేనే ఉండమన్నాను.
పదకొండింటికి ఫోను మోగింది.
కలిపిన అన్నం కలిపినట్టే వదిలి
చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ వెళ్ళాడు.

చింతావారిలంక రేవులో
పడవ తాడు కొబ్బరిమానుకి చుట్టి లాగుతున్నారట.
తాడుకీ మానుకీ మధ్య ఈయన చెయ్యి.
పడవలో పదిహేడు మంది, ఒక పెయ్యదూడ.
వదిలేస్తే చెయ్యి మిగిలేది.
"వదలకూడదని కాదే, ఇరుక్కుపోయింది, రాలేదు"
అంటాడు ఇప్పటికీ.
నేను నమ్మను.
ఒక్కోరోజు, బిందె ఎత్తలేక నా వంక చూసినప్పుడు,
నమ్మితే బాగుండుననిపిస్తుంది.

హాజరు పట్టీలో ఆ తేదీకి ఎదురుగా
ఎర్ర సిరాతో ఒకే అక్షరం: సె.
ఆ అక్షరం పట్టుకునే ఫైలు తిరిగొచ్చింది,
విధి నిర్వహణలో జరిగినది కాదు అని.
పిలిచిన ఆఫీసరు రిటైరయి కాకినాడలో ఉన్నారు.
ఫోను ఎత్తారు పాపం.
"పిలిచానమ్మా, నేనే పిలిచాను.
కానీ నోటితో పిలిచాను కదా" అన్నారు.

అందుకని ఇంకుప్యాడు ఒకటి కొని
పంటు ఎక్కి లంకకి పోయాను.
నది ఏమీ ఎరగనట్టు పలచగా ఉంది,
ఇసుక మీద ఎవరిదో పుచ్చతీగ.
ఒకామె కువైట్‌లో ఉంది, వాట్సాప్‌లో సంతకం పంపింది.
ఒకాయన, ఆ పడవలో నేను లేనన్నాడు.
వరద సాయానికి వేరే రేవు పేరు రాయించుకున్నాడట,
అరుగు మీద కూచోబెట్టి టీ ఇచ్చి మరీ లేనన్నాడు.
తిట్టలేకపోయాను. నా చేతిలోనూ అర్జీయే కదా ఉన్నది.
కోట సూరమ్మ మటుకు
"సంతకం రాదమ్మా, వేలు వేస్తాను" అంది.
ఒకటి చాలన్నాను.
"పదీ వెయ్యనా?" అని రెండు చేతులూ చాచింది.
పొగాకు రంగు గోళ్ళు. పదీ ఉన్నాయి.
నా కళ్ళు వాటి మీదే ఉండిపోయాయి,
ప్యాడు మూత తియ్యడం మరిచిపోయాను.

పదిహేడులో పదమూడు.
పెయ్యదూడ ఆవై, ఈనింది కూడా.
దాన్ని లెక్కలోకి తీసుకోరన్నాడు నోటరీ, నవ్వకుండానే.

సోమవారం మళ్ళీ బోర్డు.
కొత్త అర్జీ మీద సంతకం ఎడమచేత్తో పెట్టాలి.
చిన్నదాని నాలుగు గీతల కాపీలో
రోజూ రాత్రి దిద్దుతున్నాడు.
ఏ నిలబడుతుంది.
సు దగ్గర కొమ్ము ఆగదు,
గీత దిగి కింది వరసలోకి జారిపోతుంది.
"గీత దాటకూడదు నాన్నా" అంటుంది అది.
"దాటకపోతే ఎలాగే" అంటాడు.

నిన్న ఎర్ర పెన్సిలు తీసి
దిద్దిన పేజీ కింద మార్కులు వేసింది.
పదికి నాలుగు.
దీపం తీసేద్దామని లేచాను.
ఉండమన్నాడు.
ఆ అంకెనే చూస్తూ
ఇంకాసేపు కూచున్నాడు.