కుడికి జరిగిన గురి

అబిడ్స్ సందులో, వాచీల దుకాణం పక్క మెట్లెక్కితే
మొహసిన్ సాబ్ కొట్టు.
తుపాకుల కన్నా రిజిస్టర్లే ఎక్కువ.

నాయిన పాయింట్ టూ టూ బల్ల మీద పెట్టాను.
లైసెన్సు నా పేరుకు మారడానికి పదకొండు నెలలు,
"ఆడమనిషికెందుకమ్మా" అన్న అధికారులు ముగ్గురు.
గచ్చిబౌలిలో కాగితాల్ని కాల్చుకుంటానని చెప్పాను.

"కండ్లద్దాలు ఎన్నేండ్ల సంది?" అడిగాడు సాబ్.
"పద్నాలుగు."
"అయితే గీ పాత గురి మీకు పనికిరాదు.
వెనక గాడి, ముందు పూస, దూరంగ శికారు,
మూడింటినీ ఒక్కపారే చూసే కన్ను
ఇరవై ఏండ్లకే ఉంటది."

బెజ్జం గురి ఇచ్చాడు.
నాణెమంత బిళ్లలో సూదిమొనంత రంధ్రం.
గోడ మీది క్యాలెండరు తేదీ
బుద్ధిగా వచ్చి నడుమ కూర్చుంది.

దుర్భిణి ఇచ్చాడు. నాలుగింతలు.
కిటికీలోంచి చూస్తే
ఎదురు మేడ మీద ఆరేసిన చీర అంచున ఊడిన కుట్టు,
పిట్టగోడ మీద పావురం, దాని గొంతులో ఊపిరి.
నిలువు గీత, అడ్డ గీత
నేను గీయకముందే దాని మీద గీసి ఉన్నాయి.
చప్పున దించేశాను.

నాయినకు ఇవేవీ లేవు.
లాలాగూడ షెడ్డులో ఫిట్టర్ గట్టయ్య.
వేట బందు కాకముందు, ఆదివారాలు,
శామీర్‌పేట తుమ్మల్లో కుందేళ్లు, కౌజులు.
నన్ను సైకిల్ కడ్డీ మీద కూచోబెట్టుకుని పోయిన రోజు
ఒక్కటీ తగిలేది కాదు.
కుందేలుకు బెత్తెడు కుడి పక్కన
రాతి మీద దుమ్ము లేచేది.
"నీ కాలు మహత్యమే బిడ్డా" అని నవ్వేవాడు.
నా కాలు మంచిది కాదని చాన్నాళ్లు నమ్మాను.
నేను పోని ఆదివారాలు
ఇంట్లో కూర ఉడికేది మరి.

సాబ్ భూతద్దం పెట్టి వెనక గురిని చూస్తున్నాడు.
"గిటు చూడుండ్రి, సుత్తె నొక్కులు.
కుడికి కొట్టిండ్రు, మల్ల ఎడమకు కొట్టిండ్రు.
ఒక్కపారి గాదు, ముప్పై పార్లన్న ఉంటది.
మంచిగున్నదాన్ని చెడగొట్టుడు, మల్ల సరిజేసుడు,
ఏం మనిషమ్మా?"

"ఇప్పుడెటు ఉంది?"

"కుడికే. ముప్పై గజాలకు బెత్తెడు తప్పుతది.
ఒక్క దెబ్బేస్తే నడిమికొస్తది."
సుత్తె చేతికి తీసుకున్నాడు.

అంటే ఆ ఆఖరి ఆదివారం
సైకిల్ కడ్డీ మీద నేనున్నాను.

"వద్దు సాబ్. కదపకండి."
"మరి దేనికొచ్చిండ్రు?"
జవాబు దొరక్క నూనె సీసా కొన్నాను,
గొట్టం తుడిచే బ్రష్షు కొన్నాను.
రిజిస్టరులో 'గురి' అన్న గడి దగ్గర
ఆయన కలం కాసేపు ఆగి
'పాతదే' అని రాసింది.

ఆటోలో పొడుగు సంచి ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటే
డ్రైవరు అద్దంలో చూశాడు.
"సితారా అమ్మా?"
"ఆఁ."
"శ్రుతి తప్పిందా?"

"తప్పలే.
మా నాయిన తప్పించిండు."